ఉత్తుత్తి ఆపద

అబద్ధాలాడితే ఆడపిల్లలు పుడతారని మనవాళ్ళొక సామెత చేసి పెట్టారు. మేం నలుగురం అక్కచెల్లెళ్ళం. ఆ లెక్కన మా అమ్మా నాన్నా ఎన్ని అబద్ధాలాడి ఉండాలో! నిజానికి మా నాన్న కూరలో ఉప్పెక్కువైతే వండినవాళ్ళ మొహం మీదే చెప్పే మనిషి. సామెతలన్నీ నిజాలు కావని నాకు చిన్నప్పుడే తెలిసిపోయింది.

అబద్ధాన్ని తిడుతూనే దానికి మనం ఇచ్చినన్ని మినహాయింపులు మరే తప్పుకీ ఇవ్వలేదు. వంద అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. వామనుడికి దానం ఇవ్వొద్దని చెబుతూ శుక్రాచార్యుడు ఏయే సందర్భాల్లో బొంకవచ్చో బలి చక్రవర్తికి ఒక పట్టికే వినిపించాడు. బలి వినలేదు, అది వేరే సంగతి. మంచం పట్టిన మనిషితో "రేపో మాపో లేచి తిరుగుతావు" అంటాం. సూది గుచ్చబోతూ పిల్లాడితో "ఏం కాదు నాన్నా, చీమ కుట్టినట్టుంటుంది" అంటాం. గమనించారా? మనం క్షమించే అబద్ధాలన్నీ ఒకే జాతివి. ఉన్న ఆపదను లేదని చెప్పేవి, లేకపోతే ఉన్నదాన్ని చిన్నది చేసి చెప్పేవి.

రెండో జాతి అబద్ధం ఇంకోటి ఉంది. లేని ఆపదను ఉందని చెప్పటం. "నాన్నా పులి" అని అరిచిన కుర్రాడి అబద్ధం. దీన్ని మనం క్షమించం. ఆ కుర్రాడికి చివరికి ఏమైందో ఒకటో తరగతి పిల్లలకే చెప్పేస్తాం. కానీ ఈ రెండో జాతి అబద్ధాన్నే వృత్తిగా పెట్టుకుని, నెలనెలా జీతం తీసుకుని, దానివల్ల లోకానికి మేలే చేస్తున్నవాళ్ళు ఉన్నారంటే నమ్ముతారా? మా ఇంట్లోనే ఒకతె ఉంది. మా చెల్లెలి కూతురు.

ఆ పిల్ల కాపురం భానూరులో. పటాన్‌చెరు మండలంలో ఊరు అది. 2016లో జిల్లాలు విడదీసేదాకా మెదక్ జిల్లా, ఇప్పుడు సంగారెడ్డి. భారత్ డైనమిక్స్ వారి క్షిపణుల కర్మాగారం ఉండబట్టి ఊరి పేరు దేశానికి తెలిసింది. ట్యాంకుల్ని ఛేదించే క్షిపణులు తయారయ్యే ఊళ్ళోనే బర్రెలు ఎప్పటిలాగా రోడ్డుకు అడ్డంగా నిలబడతాయి. మా పిల్ల భర్త ఆ చుట్టుపక్కలే ఒక ఫ్యాక్టరీలో పని చేస్తాడు. ఈమె సాఫ్ట్‌వేరు. వారంలో కొన్ని రోజులు నగరానికి వెళ్తుంది, మిగతా రోజులు ఇంట్లోనే ఒక బల్ల ముందు కూర్చుంటుంది.

"అసలు నువ్వు చేసే పని ఏందే?" అని ఒకనాడు అడిగాను.

"కంప్యూటరుకు ఉత్తుత్తి దెబ్బలు తగిలిస్త పెద్దమ్మా. నీ ప్రొసెసరు పాడైందని దానికి చెప్త. అదేం చేస్తదో చూస్త" అంది.

"పాడైందా నిజంగా?"

"ఏడ పాడైంది? నిక్షేపంగా ఉంటది."

"మరి పాపం గదనే!"

అది నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. బి.ఏ.లో తర్కశాస్త్రం చదువుకున్న మనిషిని. ఒక మాట పట్టుకుంటే దాని కొస దొరికేదాకా వదలలేను. ఆ సాయంత్రమంతా దాన్ని ప్రశ్నలతో వేపుకు తిన్నాను. నాకు అర్థమైనంతవరకు మీకు చెబుతాను. సాంకేతిక విషయం కదా అని పేజీ తిప్పకండి. వంటిల్లు తెలిసినవాళ్ళకు ఇదేమంత కష్టం కాదు.

ఒక కంప్యూటరు లోపల, కేవలం సాఫ్ట్‌వేరుతో, ఇంకో కంప్యూటరును కట్టవచ్చునట. దానికి ఇనుమూ సిలికానూ ఉండవు. అంతా లెక్కల్లోనే. ఫాబ్రిస్ బెల్లార్డ్ అనే ఫ్రెంచి ఆయన 2003లో బయటపెట్టిన క్యూఈఎంయూ అనే సాఫ్ట్‌వేరు ఇలాంటిదే. ఈ లోపలి యంత్రంలో కూర్చుని పనిచేసే వ్యవస్థను వీళ్ళు 'అతిథి' అంటారు. అతిథికి తానొక అనుకరణలో ఉన్నానన్న స్పృహ ఉండనక్కర్లేదు. తన కింద నిజమైన ప్రొసెసరే ఉందనుకుని దాని పని అది చేసుకుపోతూ ఉంటుంది. అన్నీ మాయే అన్న వేదాంతం మన పెద్దలు ఎప్పుడో చెప్పారు గానీ, ఆ మాయను బల్ల మీద పెట్టుకుని నడిపించే రోజు వస్తుందని అనుకుని ఉండరు.

ఇక ఇంటరప్ట్. మీరు వంట చేస్తూ ఉంటారు. వాకిట్లో గంట మోగుతుంది. పొయ్యి తగ్గించి, గరిటె పక్కన పెట్టి, ఎవరో చూసి, మళ్ళీ వచ్చి వదిలిన చోటు నుంచే అందుకుంటారు. ప్రొసెసరు కూడా రోజంతా అదే చేస్తుంది. ఎవరో మీట నొక్కారని ఒక గంట, డిస్కు నుంచి సమాచారం వచ్చిందని ఒక గంట. ఒక్కో గంటకు ఒక్కో నంబరు. వీటన్నిటిలోకీ ప్రమాదకరమైన గంట ఒకటుంది. ఇంటెల్ వంశపు ప్రొసెసర్లలో దాని నంబరు 18, పేరు మెషిన్ చెక్. 1993లో వచ్చిన పెంటియంతో మొదలైంది. అది వాకిట్లో మోగే గంట కాదు. వంట చేస్తున్న మనిషికి తన గుండెలోనే కలుక్కుమంటే ఎలా ఉంటుందో అలాంటిది. "నా లోపల ఏదో చెడింది" అని ప్రొసెసరు తనంత తాను చెప్పుకోవటం.

చెప్పుకోవటమే కాదు, రాసి పెడుతుంది కూడా. లోపల కొన్ని గళ్ళుంటాయి, ఫిర్యాదుల పుస్తకంలాగా. ఏ భాగంలో తప్పు జరిగింది, ఏ చిరునామా దగ్గర, దానంతటదే సరిదిద్దుకుందా లేదా, ఇప్పటిదాకా చేసిన పనిని ఇంకా నమ్మవచ్చా లేదా - అన్నీ ఆ గళ్ళలో ఉంటాయి. చదువుకుని ఏం చెయ్యాలో తేల్చుకోవలసింది పైనున్న వ్యవస్థ. చిన్న తప్పయితే, సర్దుకుపోయింది కాబట్టి, రాసుకుని ఊరుకుంటుంది. ఒక కార్యక్రమం వాడుతున్న చోటు మాత్రమే చెడిపోతే ఆ ఒక్కదాన్నీ ఆపేసి మిగతావాటిని కాపాడుతుంది. తన లెక్కల్నే తాను నమ్మలేని స్థితి వస్తే మొత్తం ఆగిపోతుంది.

ఆ ఆగిపోవటం నాకెంతో గౌరవంగా కనిపించింది. తప్పుడు లెక్కతో ముందుకు సాగటం కంటే, "నేనిప్పుడు నమ్మదగిన స్థితిలో లేను" అని చేతులు కట్టుకుని నిలబడిపోవటం! మన చుట్టూ పెద్ద పెద్ద కుర్చీల్లో ఉన్న ఎంతమందికి ఆ మాత్రం మర్యాద తెలుసు?

ఇంతకీ ప్రొసెసరుకు, దాని జ్ఞాపకాల పెట్టెకు దెబ్బలెక్కణ్ణించి వస్తాయి? వేడి వల్ల రావచ్చు, వయసు వల్ల రావచ్చు, తయారీ లోపం కావచ్చు. ఆకాశం నుంచి కూడా వస్తాయట. అంతరిక్షం నుంచి రాలే కిరణాల వల్ల పుట్టిన కణం ఒకటి చిప్పులో సరిగ్గా ఒక బిందువు మీద పడితే, అక్కడి సున్నా ఒకటి అవుతుంది, ఒకటి సున్నా అవుతుంది. 2003 మే నెలలో బెల్జియం దేశంలో స్కార్‌బేక్ అనే చోట ఎన్నికల్లో ఒక అభ్యర్థికి ఉండవలసిన దానికంటే 4096 ఓట్లు ఎక్కువ వచ్చాయి. అన్ని ఓట్లు అక్కడ రావటం అసాధ్యమని గమనించి మళ్ళీ లెక్కపెట్టారు. 4096 అంటే రెండును పన్నెండుసార్లు వేసి గుణిస్తే వచ్చే సంఖ్య. జ్ఞాపకంలో ఒకే ఒక్క గడి తారుమారైతే సరిగ్గా అంతే తేడా వస్తుంది. ఆకాశం నుంచి వచ్చిన కణమే ఓటేసిందని ఎవరూ రుజువు చెయ్యలేకపోయారు గానీ, చాలామంది ఊహ మాత్రం అదే. నోటాకు ఓటేసేవాళ్ళను చూశాం గానీ, నక్షత్రాలు వచ్చి ఓటేస్తాయని అనుకోలేదు!

ఇప్పుడు మా పిల్ల పని దగ్గరికి వద్దాం. ఇలాంటి దెబ్బ ఒక యంత్రానికి ఎప్పుడో గానీ తగలదు. తగిలిన రోజున ఏం చెయ్యాలో చెప్పే భాగాన్ని ఎవరో ఒకరు రాసి పెట్టి ఉంటారు. ఆ భాగం ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా నడవకుండా పడి ఉంటుంది. అవసరమైన ఆ ఒక్క రోజున అది పనిచేస్తుందని ఎలా తెలియాలి? ప్రొసెసరును సుత్తితో కొట్టి చూడలేరు. ఆకాశాన్ని కాసిని కిరణాలు పంపమని అడగలేరు. అందుకని అనుకరణ యంత్రంలో ఒక ఆజ్ఞ ఇస్తారు. ఆ ఆజ్ఞ అతిథి ప్రొసెసరు ఫిర్యాదుల గళ్ళలో ఒక దొంగ ఫిర్యాదు రాసి, పద్ధెనిమిదో గంట మోగిస్తుంది. అతిథి అదిరిపడి లేస్తుంది. గళ్ళు చదువుతుంది. నమ్ముతుంది. తనకు తోచింది చేస్తుంది. దూరం నుంచి మా పిల్ల అది చూసి కాగితం మీద రాసుకుంటుంది.

ఇక్కడే నా తర్కశాస్త్రం నన్ను నిద్రపోనివ్వలేదు. పూర్తిగా నమ్మినవాళ్ళకు లేని ఆపదను ఉందని చెప్పి, వాళ్ళు చేసేది చూస్తూ కూర్చోవటం ధర్మమేనా? ఫలితం మంచిదే. కానీ ఫలితం మంచిదైతే చాలునా?

యంత్రానికి బాధేమిటి అంటారు మీరు. నిజమే, యంత్రానికి బాధ లేదు. కానీ ఈ పని మనం యంత్రాలతో మొదలుపెట్టలేదు. మనుషులతో మొదలుపెట్టాం. ఇప్పటికీ చేస్తూనే ఉన్నాం.

హరిశ్చంద్రుడి కథ చూడండి. రాజ్యం పోయింది, భార్య అమ్ముడుపోయింది, కొడుకు పాము కరిచి చనిపోయాడు. కాటి సీను వచ్చేసరికి మా ఊళ్ళో నాటకం చూస్తున్న మగవాళ్ళు కూడా కండువాలతో కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చివరికి ఋషీ దేవతలూ ప్రత్యక్షమై, ఇదంతా పరీక్షేనని చెప్పి, పోయినవన్నీ తిరిగి ఇచ్చేస్తారు. రాజ్యం తిరిగి వచ్చింది సరే. కొడుకును ఒళ్ళో పెట్టుకుని చంద్రమతి ఏడ్చిన ఆ రాత్రిని ఎవరు వెనక్కి తీసుకున్నారు? ఆపద ఉత్తుత్తిదే కావచ్చు, పడ్డ దుఃఖం ఉత్తుత్తిది కాదు. పిల్లవాడు బతికి లేచినా ఆ తల్లి ఆ తర్వాత ఎన్ని రాత్రులు ఉలిక్కిపడి లేచి వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి ఉంటుందో కథ చెప్పదు.

నా వృత్తి కూడా అలాంటిదేనని మీరు గుర్తు చెయ్యకముందే నేనే చెబుతాను. నవల రాసేవాళ్ళం చేసేది ఇంకేమిటి? హాయిగా ఉన్న సంసారంలోకి ఒక జబ్బునో, ఒక అప్పునో, ఒక రెండో మనిషినో ప్రవేశపెట్టి, ఆ ఇల్లాలు ఏం చేస్తుందో చూస్తాం. తను కథలో ఉన్నానని ఆమెకు తెలియదు. అయితే ఆమెకు ప్రాణం లేదు, చదివేవాళ్ళకు అది కథ అని తెలుసు. ఆ రెండూ నా పాపాన్ని కొంత తగ్గిస్తాయి. అసలు ఆపద రాకముందే దాన్ని ఊహలో ఒకసారి అనుభవించి చూసుకోవటానికే మనుషులు కథలు కనిపెట్టారేమోనని కూడా నాకు అనుమానం.

ఎందుకంటే అలవాటు లేని ఆపద చాలా చెడ్డది. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచి గయానా నుంచి ఏరియన్-5 అనే కొత్త రాకెట్టు మొదటిసారి ఎగిరింది. దారి చెప్పే పరికరంలోని సాఫ్ట్‌వేరు పాత ఏరియన్-4 నుంచి తెచ్చింది. కొత్త రాకెట్టు వేగం ఎక్కువ. ఒక సంఖ్య దానికిచ్చిన గడిలో పట్టలేదు. ఆ పరికరం "నాలో తప్పు జరిగింది" అని సంకేతం పంపి ఆగిపోయింది. దానికి తోడుగా పెట్టిన రెండోదీ అచ్చం అలాంటిదే కాబట్టి అదే తప్పుతో అంతకు ఒక్క క్షణం ముందే ఆగిపోయి ఉంది. రాకెట్టును నడిపే కంప్యూటరు ఆ ఫిర్యాదును ఫిర్యాదు అని గుర్తించలేదు! అవేవో ప్రయాణపు అంకెలే అనుకుని, లేని వంకర సరిచెయ్యబోయి రాకెట్టును తిప్పేసింది. బయల్దేరిన నిమిషం లోపలే అంతా ముక్కలు. నాలుగు ఉపగ్రహాలు పోయాయి. ఆ పరికరానికి కొత్త రాకెట్టు వెళ్ళబోయే దారిని నేల మీద ఒకసారి ఉత్తుత్తిగా చూపించి పరీక్షించి ఉంటే ఆ తప్పు ముందే బయటపడేదని విచారణ సంఘం తేల్చింది. ఒక ఉత్తుత్తి ఆపదను తప్పించుకున్నందుకు నిజమైన ఆపద వచ్చిందన్నమాట.

అయితే పరీక్ష మంచిదేనని తేల్చేద్దామా? తొందరపడకండి. ఇంకో కథ ఉంది.

1979 నవంబరు 9న అమెరికా గగనతల రక్షణ కేంద్రంలో తెరల మీద రష్యా క్షిపణులు వందలకొద్దీ వస్తున్నట్టు కనిపించాయి. యుద్ధ విమానాలు గాలిలోకి లేచాయి. ఉపగ్రహాలనూ రాడార్లనూ నేరుగా అడిగి చూస్తే ఆకాశం ఖాళీగా ఉంది. విషయమేమిటంటే, శిక్షణ కోసం తయారుచేసిన ఉత్తుత్తి దాడి అసలు కంప్యూటర్లోకి ప్రవేశించింది. ఉత్తుత్తి దాడిని అచ్చం అసలు దాడిలాగానే తయారు చేస్తారు కదా, తేడా ఎలా తెలుస్తుంది? ఆ తర్వాత వాళ్ళు చేసిన మొదటి పని, ఇలాంటి పరీక్షలకు వేరే చోట వేరే కంప్యూటర్లు పెట్టుకోవటం.

అక్కడితో అయిపోలేదు. 1980 జూన్‌లో మళ్ళీ అలారం. తెరల మీద వస్తున్న క్షిపణుల సంఖ్య ఒకసారి 2, ఒకసారి 220. ఈసారి కారణం అర డాలరు కూడా చెయ్యని ఒక చిప్పు. తీగ బాగానే ఉందా లేదా చూసుకోవటానికి ఆ కేంద్రం నుంచి ఎప్పుడూ ఒక పరీక్ష సందేశం పోతూ ఉండేది. అది అచ్చం దాడి హెచ్చరిక రూపంలోనే ఉండేది, క్షిపణుల సంఖ్య దగ్గర మాత్రం సున్నాలు. చిప్పు చెడి సున్నాల చోట రెళ్ళు పడ్డాయి. "అంతా క్షేమం" అని చెప్పటానికి "చంపటానికి వస్తున్నవాళ్ళు సున్నా" అని రాయటం ఎంత ప్రమాదమో చూడండి. పెళ్ళి పత్రికను తద్దినం కార్డు మీద అచ్చు వేయించినట్టు.

అంటే ఉత్తుత్తి ఆపద ధర్మం కావాలంటే దానికి మొదట ఒక హద్దు ఉండాలి. అది అచ్చం నిజంలాగే ఉండాలి, లేకపోతే పరీక్షే కాదు. కానీ నిజం తిరిగే వీధుల్లోకి అది రాకూడదు. మా పిల్ల యంత్రానికి ఉన్నదీ ఆ హద్దే. ఆమె అబద్ధం ఆ పెట్టెలోనే పుట్టి ఆ పెట్టెలోనే పోతుంది. అతిథి కుప్పకూలిపోతే మళ్ళీ మొదటి నుంచి లేపుతుంది. ఏ బ్యాంకులోనూ ఎవరి జమా తగ్గదు.

మనుషులకు అలాంటి పెట్టె ఎక్కడుంది? అందుకే ఫ్యాక్టరీల్లో చేసే మాక్ డ్రిల్లు గురించి రెండు మాటలు చెప్పాలి. 1984లో భోపాల్ జరిగింది. ఆ తర్వాత 1989లో ప్రమాదకర రసాయనాల గురించి కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం ఆ రసాయనాలు పెద్ద ఎత్తున ఉండే చోట ఆరు నెలలకోసారి ఉత్తుత్తి ప్రమాదం జరిపి చూసుకోవాలి. ఎంతో అవసరమైన నిబంధన. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా ఉన్న ఫ్యాక్టరీల మధ్య బతికేవాళ్ళకు మరీ అవసరం. 2025 జూన్ 30న అదే పటాన్‌చెరు మండలం పాశమైలారంలో ఒక మందుల ఫ్యాక్టరీలో పేలుడు జరిగి నలభైమందికి పైగా పనివాళ్ళు చనిపోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు. ఆ తర్వాత ఈ ఊళ్ళలో సైరన్ అంటే ఉత్త శబ్దం కాదు.

అలాంటి చోట ఒక ఫ్యాక్టరీలో ముందు చెప్పకుండా డ్రిల్లు పెట్టారు. మా పిల్ల ఇంటి పక్కనే ఉండే ఆమె అందులో కాంట్రాక్టు మీద ఊడ్చే పని చేస్తుంది. సైరన్ కూయగానే ఆమె అందరితో పాటు గేటు వైపు వెళ్ళలేదు. మొగుడు పనిచేసే షెడ్డు వైపు పరిగెత్తింది. మెట్ల మీద పడి మణికట్టు విరిగింది. పరీక్ష పూర్తయ్యాక అందరూ చప్పట్లు కొట్టి, ఎన్ని నిమిషాల్లో బయటికి వచ్చారో రాసుకున్నారు. ఆమెకు మాత్రం, చెప్పిన దారిలో పోనందుకు, చీవాట్లు పడ్డాయి. కట్టు కట్టించుకుని కూర్చున్న ఆమెను నేను పలకరించాను.

"అది ఉత్తదని వాళ్ళకెర్కనమ్మా, నాకెట్ల ఎర్కైతది? నాకు మొగుడు లోపలున్నడన్నదే ఎర్క" అంది.

ఆ మాట ముందు నా తర్కశాస్త్రమంతా చిన్నబోయింది. ఆమె పరీక్షలో తప్పలేదు. ఆ పరీక్షలో బయటపడింది ఆమె లోపం కాదు, ఏర్పాటులోని లోపం. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ లోపల పనిచేస్తున్న చోట ప్రమాదం జరిగితే, ఒకరి క్షేమం ఒకరికి ఎలా తెలియాలో ఎవరూ ఆలోచించలేదు. డ్రిల్లు ఆ రోజు నేర్పగలిగిన పాఠమల్లా అదే. దాన్ని ఎవరూ రాసుకోలేదు. నిమిషాలు రాసుకున్నారు.

భానూరు బల్ల ముందు ఇలా జరగదు. అతిథి తప్పుగా ప్రవర్తించిందనుకోండి, ఆగవలసిన చోట ఆగకుండా పోయిందనుకోండి, మా పిల్ల ఆ యంత్రాన్ని చీవాట్లు పెట్టదు. ఆ భాగం రాసినవాళ్ళకు ఉత్తరం పోతుంది: "ఫలానా రకం దెబ్బకు మీరు రాసినది సరిపోవటం లేదు, దిద్దండి." తప్పు పరీక్షకు గురైనదాని నెత్తిన పడదు. దాన్ని అలా తయారుచేసినవాళ్ళ బల్ల మీదికి వెళ్తుంది. మనుషుల్ని పరీక్షించేటప్పుడు మనం సరిగ్గా దీనికి తలకిందులుగా చేస్తాం.

మన ఇళ్ళల్లోకే చూడండి. కొత్తగా పనిమనిషి కుదిరితే, పరుపు కింద ఒక నోటు పెట్టి వదిలే అమ్మగార్లు ఎంతమంది లేరు? తీస్తుందా, తెచ్చిస్తుందా చూద్దామని. కొత్తకోడలికి తాళంచెవి కనిపించేట్టు వదిలి, తలుపు చాటునుంచి చూసే అత్తగార్లు లేరా? అవీ ఉత్తుత్తి ఆపదలే. కానీ వాటి ఉద్దేశం బాగుచెయ్యటం కాదు, పట్టుకోవటం. ఆ పిల్ల నోటు తీస్తే "చూశారా, నేననుకున్నాను" అంటాం. నెలకు తానెంత ఇస్తున్నదీ, అది ఆ పిల్ల ఇంటి అద్దెకు సరిపోతుందా లేదా అన్న ప్రశ్న ఆ నోటు పెట్టిన అమ్మగారికి తట్టదు. తియ్యకపోతేనేమో పరీక్ష ఇంకో రోజుకు వాయిదా, అంతే. నమ్మకం ఇచ్చే పరీక్ష అందులో లేనే లేదు.

మా పిల్ల చెప్పిన సంగతుల్లో ఇంకోటి నన్ను వదలటం లేదు. ప్రొసెసరు ఒక దెబ్బ గురించిన ఫిర్యాదు ఇంకా వింటూ ఉండగానే రెండో దెబ్బ గంట మోగిందనుకోండి, ఇక దానికి దారి లేదట. అక్కడికక్కడే మూతపడిపోతుంది. అనుకరణ యంత్రంలోనూ అంతే, మళ్ళీ మొదటి నుంచి లేవవలసిందే. మొదటి గంటకు సమాధానం చెప్పుకునే వ్యవధి ఇవ్వాలి. మనుషుల్ని పరీక్షించే దేవుడికి కూడా ఎవరైనా ఈ నియమం చెబితే బాగుండును. ఒక చావు నుంచి తేరుకోకముందే ఇంకో చావు చూసిన ఇళ్ళు నాకు తెలుసు. ఆ ఇళ్ళల్లో మనుషులు ఏడవరు. మూతపడిపోతారు.

చాలా యంత్రాల్లో ఇంకో పద్ధతి కూడా ఉందట. ఒక ప్రొసెసరుకు తగిలిన దెబ్బ వార్త దానితో ఉన్న మిగతా వాటన్నిటికీ చేరుతుంది. అవన్నీ చేతిలో పని ఆపి, ఒకచోట చేరి, ఎవరికి ఎంత తగిలిందో చూసుకుని, ఆ తర్వాతే ఏం చెయ్యాలో తేల్చుకుంటాయి. ఊళ్ళో ఒక ఇంట్లో చావు జరిగితే మిగతా ఇళ్ళల్లో పొయ్యి వెలిగించని రోజులు మా చిన్నప్పుడు ఉండేవి. ఆ మర్యాద ఇప్పుడు యంత్రాలకు నేర్పుకుంటున్నాం. సంతోషమే గానీ, మనం మర్చిపోకుండా ఉంటే ఇంకా సంతోషం.

ఇంతా ఆలోచించాక నాకు తేలింది ఇది. లేని ఆపదను ఉందని చెప్పటం ఎప్పుడూ తప్పే అనలేను. ఎప్పుడూ ఒప్పే అసలే అనలేను. అది ఎవరి కోసం చెబుతున్నామన్నదాని మీద ఉంటుంది. 'నాన్నా పులి' కుర్రాడు తన వినోదం కోసం అరిచాడు. కొంగు బిగించి నిలబడాల్సిన రోజు వస్తుందని తెలిసినవాళ్ళు ఎదుటివాళ్ళ కోసం అరుస్తారు. అలా అరిచేవాళ్ళు చివరిదాకా పక్కనే ఉంటారు. పడితే లేపుతారు. విరిగితే కట్టు కట్టిస్తారు. అన్నిటికంటే ముఖ్యంగా, పరీక్షలో బయటపడ్డ తప్పు తమదేనేమో మొదట చూసుకుంటారు. అంత బాధ్యత నెత్తిన వేసుకోలేనివాళ్ళకు మనిషిని పరీక్షించే హక్కు లేదు, వాళ్ళు ఋషులైనా సరే, ఫ్యాక్టరీ మేనేజర్లయినా సరే, అత్తగార్లయినా సరే.

ఆ పక్కింటామె చెయ్యి ఇప్పుడు నయమైంది. పనిలోకి వెళ్తోంది. ఆ ఫ్యాక్టరీలో మళ్ళీ డ్రిల్లు పెట్టారట. ఈసారి, మొగుడూ పెళ్ళాం కలిసి పనిచేసేవాళ్ళు ఎంతమంది ఉన్నారో ముందుగా ఒక మేస్త్రి తన జేబు పుస్తకంలో రాసుకున్నాడట. పైవాళ్ళెవరూ చెప్పలేదు, ఆయనకే తోచింది. సైరన్ కూయగానే వాళ్ళను పేర్లతో పిలిచి, "నీ పెండ్లాం పెద్దగేటు కాడ ఉంది", "నీ పెనిమిటి చెట్టు కింద ఉన్నడు" అని ఒక్కొక్కరికీ చెప్పాడట. ఎన్ని నిమిషాలు పట్టిందో మాత్రం మా పిల్లకు తెలియదు. నేనూ అడగలేదు.